తరుగు తీయని తూకం

నేను ఒక కాటాని. మంత్రి గంధవరపు జగ్గప్పనాయుడు మీద నాకొక ఫిర్యాదు ఉంది. ఎక్కడ చెప్పుకోవాలో తెలియక మీకు చెప్తున్నాను. ఇనుప ముక్కకి ఫిర్యాదులేమిటని నవ్వకండి. ఆయన బామ్మర్దిని తూచింది నేనే. మా తాతారావు బామ్మర్దిని జైలుకి పంపిన గోనె సంచిని తూచిందీ నేనే. అదే కొక్కెం, అదే ముల్లు. ఇద్దరిలో మనిషిని చంపించినవాడు తెల్లచొక్కా వేసుకుని బయట తిరుగుతున్నాడు. ఎవరి మీదా చెయ్యెత్తి ఎరగనివాడు లోపల ఉన్నాడు. ఇందులో నా తప్పెంతో నాకు తెలియదు. నేను బరువు చెప్తానంతే. బరువు విన్నాక మనుషులు ఏం చేస్తారన్నది నా చేతిలో లేదు.

నేను పైనుంచి వేలాడదీసే రకాన్ని. గడియారంలాంటి గుండ్రటి ముఖం, దాని మీద అద్దం, లోపల ఒక ఎర్ర ముల్లు, కింద కొక్కెం. రెండు వందల కేజీల దాకా మొయ్యగలను. ఎక్కడో గుజరాతు వైపు పుట్టానట. పుట్టినచోటు నాకు గుర్తు లేదు. కొలిమి వేడి గుర్తుంది, రంగు వాసన గుర్తుంది. కళ్లు తెరిచేసరికి అనకాపల్లి బెల్లం మార్కెట్లో ఒక షావుకారు కొట్టు ముందు వేలాడుతున్నాను. అక్కడ పదిహేనేళ్లు బెల్లం దిమ్మల్ని మోశాను. నా కొక్కేనికి ఎప్పుడూ చీమలే. తర్వాత బ్యాటరీ కాటాలు వచ్చాయి. అవి అంకెల్ని ఎర్రగా వెలిగించి చూపిస్తాయి. షావుకారుకి ఆ వెలుగు నచ్చింది. నన్ను తీసి గోదాములో మూలన పడేశాడు. మూలన పడున్న నన్ను దులిపి, కిరసనాయిలుతో తుడిచి, భుజాన వేసుకుపోయినవాడు గొలగాని తాతారావు.

తాతారావు ఐదో క్లాసులో ఉండగా పలక పగిలింది. వాళ్ల నాన్న ఇంకో పలక కొనలేదు. చదువు అక్కడితో సరి. ఆ తర్వాత అతను నేర్చుకున్నదంతా సంతలోనే నేర్చుకున్నాడు. కొండ కింద గంగుపూడిలో ప్రతి మంగళవారం సంత. కొండ మీది ఊళ్లవాళ్లు పసుపు, చింతపండు, పిప్పళ్లు దింపుతారు. తాతారావు కొంటాడు. వాళ్లకి ఉల్లిపాయలు, ఉప్పుచేపలు అమ్ముతాడు. కొన్నా అమ్మినా నాతోనే. మూడు వెదురు గెడలు కట్టి నన్ను మధ్యలో వేలాడదీసేవాడు. ఏటా తూనికల శాఖవాళ్లు వచ్చి నా నడుముకి సీసం ముద్ర కొట్టి పోయేవారు. ఆ ముద్రని అతను కుంకుమబొట్టంత భద్రంగా చూసుకునేవాడు.

ఆ సంతలో ఒక కట్టుబాటు ఉంది. ముల్లు ఆగాక కాటా మనిషి గొంతెత్తి తూకం పలుకుతాడు. ఒకసారి పలికాక అది మారదు. అమ్మేవాడు ఏడ్చినా మారదు, కొనేవాడు అరిచినా మారదు. పలికిన దాంట్లోంచి తరుగు మాత్రం తీస్తారు. గోనె సంచి బరువుకి కొంత, సరుకులో తడి ఉంటే కొంత, పుల్లలూ కాడలూ ఉంటే ఇంకొంత. తాతారావు సంచిలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, గుప్పెడు తీసి వాసన చూసి, "తడుంది, రెండు కేజీలు తీసెయ్" అనేవాడు.

"ఏటి నాయుడూ, మూడెండలు ఎండబెట్టినాను గదా. తడెక్కడిదీ?" అని ఏ ముసలమ్మో నిలదీసేది.

"కొండ దిగి వొచ్చినావు గదే అప్పా, నీ సెమట పట్టేసుంటాది."

అందరూ నవ్వేవారు. ముసలమ్మా నవ్వేది. తరుగు మాత్రం పోయేది. మిగతా షావుకార్లు మూడేసి కేజీలు తీస్తే తాతారావు రెండే తీసేవాడు. అందుకని సంతలో అతనికి మంచివాడని పేరు. మనుషుల్లో మంచివాడంటే తక్కువ తీసేవాడని నాకు అక్కడే అర్థమయింది.

ఇంటి దగ్గర నన్ను అరుగు మీది దూలానికి తగిలించేవాడు. అతని భార్య ఎరకమ్మ. ఆవిడకి ఒక్కడే తమ్ముడు, సన్నిబాబు. ఆటో నడిపేవాడు. నోరు ఊరుకునేది కాదు. వచ్చినప్పుడల్లా నా కొక్కెం పట్టుకుని వేలాడి, కాళ్లు ముడుచుకుని, "బావా, నా తూకం పలుకు!" అనేవాడు.

"యాభై ఆరు!" అని సంతలోలాగే అరిచేవాడు తాతారావు. "తరుగు ఆరు."

"తరుగెందుకు బావా?"

"నీ నోటి బరువురా."

తూచినవాటిలో నాకు బరువనిపించనిది ఆ ఒక్క మనిషే.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను.

ఒక ఆషాఢంలో వారం రోజులు వాన వదల్లేదు. ఆటో ఎక్కేవాడు లేడు. ఎవరో రాజు అనేవాడు సన్నిబాబుకి ఒక గోనె సంచి ఇచ్చి, నర్సీపట్నం బస్టాండులో దింపెయ్యమన్నాడు. లోపలేముందో సన్నిబాబుకి తెలుసు. తెలియదని నేను అబద్ధం చెప్పను. ఆ దారిన పోయే ఆటోల్లో సగానికి తెలుసు. వెనకసీటు కింద సంచి పెట్టుకుని బయల్దేరాడు. పక్క పరదాలు చిరిగిపోయి ఉన్నాయి. ఆ వానలో సంచి నానిపోయింది. గంగుపూడి దగ్గర పోలీసులు ఆపారు. అది మంగళవారం కాదు, ఊళ్లో వేరే కాటా లేదు. జీపు నేరుగా తాతారావు అరుగు ముందుకొచ్చి ఆగింది. వెనకాలే సన్నిబాబు ఆటోని తాడు కట్టి లాక్కొచ్చారు.

"కాటా ఉందటగా. తియ్యి," అన్నాడు ఎస్సై.

తాతారావు జీపులోకి చూశాడు. వెనకాల తల వంచుకుని సన్నిబాబు. లోపల్నుంచి ఎరకమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఓలమ్మో, నా తమ్ముడ్ని ఏటి సేసినారు!"

"నువ్వు లోపలికెల్లే," అని కసిరాడు తాతారావు. తర్వాత గొంతు తగ్గించి, భార్య చెవిలో చెప్పిన మాట నేను విన్నాను. "ఆలు ఏరే కాటా తెచ్చుకుంటే ఎంతైనా రాసేసుకుంటారు. మన కాటా అయితే గింజ కూడా ఎక్కువ సూపించదు. నా సేత్తో నానే తూస్తాను. బయపడకు."

అంత నమ్మకం నా మీద. అతను జీవితంలో చేసిన పెద్ద తప్పు అదే. ఎస్సై అడిగింది కాటానే, మనిషిని కాదు. తాతారావు తనంతట తనే నడుం బిగించి ముందుకొచ్చాడు. సంచిని ఎత్తి నాకు తగిలించాడు. సంచి కింద నీళ్లు ధార కట్టి కారుతున్నాయి. అరుగు తడిసిపోయింది. నా ముల్లు ఊగి ఊగి ఆగింది. ఇరవై ఏళ్ల అలవాటు. అతని గొంతు అతను ఆపుకోలేకపోయాడు. వీధి వీధంతా వినబడేలా పలికాడు.

"ఇరవై! నాలుగొందలు!"

పలికేశాక, మళ్లీ ఆ అలవాటుతోనే సంచిలో చెయ్యి పెట్టాడు. "తరుగు..." అన్నాడు.

"తరుగేంటి?" అన్నాడు ఎస్సై.

"గోనె బరువండి బాబూ. కేజీ ఉంటాది. నానిపోయింది గదండి, నీళ్లే రెండు కేజీలుంటాయి. ఇయి కాడలండి, ఇది ఆకండి..."

"ఇదేమైనా చింతపండు బేరమా? ఇరవై కేజీల నాలుగు వందల గ్రాములు. రాయండి."

పక్కన నిలబడ్డ వీఆర్వో రాశాడు, సంతకం పెట్టాడు. జీపులోంచి సన్నిబాబు తల ఎత్తి, ఏడుపు ముఖంతోనే నవ్వాడు.

"బావా, నా నోటి బరువు కూడా తియ్యలేదేటి?"

ఇరవై కేజీలన్నది గీత అని ఆ అరుగు మీద పోలీసులకి తప్ప ఎవరికీ తెలియదు. తర్వాత పట్నంలో వకీలు చెప్పాడు. గంజాయి ఇరవైకి లోపు ఉంటే ఎన్నేళ్లు వెయ్యాలన్నది జడ్జిగారి చేతిలో ఉంటుంది. ఇరవై దాటితే వ్యాపారం కింద లెక్క. తగ్గించడం జడ్జిగారి చేతిలో కూడా ఉండదు. పదేళ్లు, పైన లక్ష జరిమానా. బెయిలు దాదాపు లేనట్టే.

"ఆ తూకం చూసిన మహానుభావుడెవడో గానీ..." అన్నాడు వకీలు.

తాతారావు బస్సు దిగి ఇంటికొచ్చి నా కింద కూర్చున్నాడు. ఎరకమ్మ అడిగింది.

"ఏటయ్యా, ఏటన్నాడు వకీలు?"

"నాలుగొందలే," అన్నాడు. "నాలుగొందలు తక్కువ పలికుంటే సాలునట."

ఎరకమ్మ, "కొండోళ్ల పసుపుకి తియ్యడానికి నీకు నోరొస్తాది. నా తమ్ముడికి రాలేదు," అంది. ఆ మాట ఆవిడ మళ్లీ ఎప్పుడూ అనలేదు. అనక్కర్లేకపోయింది. అన్నం పెడుతున్నప్పుడు కూడా ఆ మాట కంచం పక్కనే ఉండేది.

కేసు రెండేళ్లు నడిచింది. నన్ను కోర్టుకి తీసుకెళ్లారు. బల్ల మీద పడుకోబెట్టారు. జనం నన్ను చూసి గుసగుసలాడారు. మా వకీలు చెప్పి పెట్టినట్టు తాతారావు బోనెక్కి చేతులు జోడించాడు.

"ఆ కాటా సరైనదేనా?" అని ప్రభుత్వ వకీలు అడిగాడు.

"కాదండి. ఎక్కువ సూపిస్తాదండి."

"ఎంత ఎక్కువ?"

"రెండు కేజీలండి."

"నువ్వు పసుపు కొనేది ఈ కాటాతోనే కదా? అంటే ఇన్నేళ్లుగా ప్రతి బస్తాకీ రెండు కేజీల డబ్బు ఎదురిచ్చి కొంటున్నావన్నమాట. నష్టానికి వ్యాపారం చేసే షావుకారుని నేను ఇప్పుడే చూస్తున్నానండీ."

కోర్టంతా నవ్వింది. జడ్జిగారు కూడా పెదవి నొక్కుకున్నారు. తాతారావు కంగారులో ఇంకో అడుగు వేశాడు.

"అమ్మేదీ దీంతోనేనండి. ఉల్లిపాయలూ, ఉప్పుచేపలూ. దొంగ కాటాయేనండి. నాను మోసగాణ్ణేనండి బాబూ. జనాన్ని ముంచేసినానండి. ఆ కుర్రోడి తప్పేటీ లేదు, తూకం తప్పండి."

ప్రభుత్వ వకీలు నన్ను బల్ల మీద తిప్పి, నా నడుముకున్న సీసం ముద్ర జడ్జిగారికి చూపించాడు. సంచి దొరకడానికి రెండు నెలల ముందు కొట్టిన ముద్ర. తాతారావు కుంకుమబొట్టులా కాపాడుకున్న ముద్ర. ఆ ముద్రే అతన్ని అబద్ధీకుణ్ణి చేసింది. నాకు నోరుంటే అవును నేను దొంగనే అని అరిచేదాన్ని. నోరు లేదు, ముల్లుంది. అది సున్నా మీద నిటారుగా నిలబడింది.

ఇంకొకటి జరిగింది. కేసు సంచిని మా వకీలు కోర్టులో మళ్లీ తూయించాడు. నాతోనే. పదిహేడు దాటలేదు. ఎండిపోయింది కదా! మా వకీలు లేచి, మూడు కేజీలు నీళ్లేనండీ అన్నాడు. అవతలి వకీలు లేచి, సరుకు ఎండితే బరువు తగ్గుతుంది, అందులో వింతేముంది, పట్టుకున్న రోజు తూకమే తూకం అన్నాడు. జడ్జిగారు రాసుకున్నారు. ఆయన చెడ్డవాడు కాదు. శిక్ష చదివేటప్పుడు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. పదేళ్లు, లక్ష. నాకు అర్థమయినంతవరకూ అందులో పెద్ద భాగం వాననీళ్లకి. ఆ రాజు అనేవాణ్ణి ఎవరూ వెతకలేదు.

తమాషా చూడండి. కోర్టు నమ్మని అబద్ధాన్ని సంత నమ్మింది. తర్వాతి మంగళవారం వెదురు గెడలు కట్టి తాతారావు కూర్చుంటే, కొండ దిగినవాళ్లు అతని ముందునుంచే పక్క కొట్టుకి నడిచిపోయారు. ఎప్పుడూ నవ్వే ఆ ముసలమ్మ మాత్రం ఆగింది.

"దొంగ కాటా అని నువ్వే ఒప్పుకున్నావట గదా నాయుడూ. నా సెమట అన్నావు. ఎన్ని కేజీల సెమట తినేసినావురా?"

అది నిజం కాదని అతను ఎలా చెప్తాడు? చెప్తే బోనులో చెప్పింది అబద్ధమని తేలుతుంది. అప్పటికి పై కోర్టుకి అపీలు వేసి ఉన్నారు. ఆ అబద్ధాన్ని అతను సంతలో కూడా మొయ్యాల్సి వచ్చింది. మోశాడు. నాలుగు మంగళవారాలు బేరం లేకుండా కూర్చుని, ఐదో వారం నన్ను విప్పి ఇంటికి తెచ్చేశాడు. వకీళ్లకీ, జరిమానాకీ తనకున్న జీడితోట అమ్మాడు. అపీలు కూడా పోయింది.

సన్నిబాబు జైల్లో బుద్ధిగా ఉన్నాడట. వంటశాలలో పని, మంచి పేరు. ఎరకమ్మకి ఎవరో చెప్పారు, ఆగస్టు పదిహేనుకీ జనవరి ఇరవై ఆరుకీ మంచి నడవడి ఉన్న ఖైదీలకి క్షమాభిక్ష పెట్టి వదిలేస్తారని. అప్పటినుంచి ఆ ఇంట్లో సంవత్సరానికి రెండే పండగలు. ఆ రెండు రోజులూ ఎరకమ్మ పొద్దున్నే వాకిలి కడిగి, ముగ్గేసి, వీధి చివర చూస్తూ కూర్చునేది. జైలు గుమాస్తాని కలిసి వచ్చి తాతారావు చెప్పాడు.

"గంజాయి కేసులకి ఆ లిస్టులో సోటు లేదటే. ఒక్క రోజు కూడా తగ్గదట. మర్డరు కేసులోళ్లు ఉంటారట గానీ మనోడుండడట."

"అదేటి? మనిసిని సంపితే దయ, సంచి మోస్తే లేదా?"

"నన్నడుగుతావేటే? రూలు నాను రాసినానా?"

"తూకం నువ్వే గదా పలికినావు," అనలేదు ఎరకమ్మ. లోపలికి వెళ్లి ముగ్గుగిన్నె తెచ్చి అరుగు మీద బోర్లించింది.

ఎరకమ్మ తల్లి పోయినప్పుడు సన్నిబాబుని ఇద్దరు కానిస్టేబుళ్లు ఒక్క పూటకి తెచ్చారు. కర్మ అయ్యాక అతను అరుగు మీదికొచ్చి నన్ను చూశాడు. పాత స్నేహితుణ్ణి చూసినట్టు నా అద్దం తట్టాడు. బేడీలు ఉన్న చేతుల్తోనే నా కొక్కెం పట్టుకుని కాళ్లు ముడిచాడు.

"బావా, నా తూకం పలుకు."

తాతారావు ముల్లు చూశాడు. నలభై మూడు. సంతలో వందల బస్తాలు పలికిన గొంతు ఒక్క అంకె పలకలేకపోయింది.

"ఏటి బావా, మాటాడవు? తరుగు ఎక్కువ తీసేసినారేటి నాకు?" అని సన్నిబాబే నవ్వాడు. ఆ కానిస్టేబుళ్లలో పెద్దాయన ముఖం అటు తిప్పుకుని, "పదరా బాబూ, టైమైపోయింది," అన్నాడు.

ఇక జగ్గప్పనాయుడు సంగతి. ఆయన మా నియోజకవర్గం మనిషి. ఎన్నికల్లో గెలిచి మంత్రి అయ్యాడు. ఆయన బామ్మర్ది వెంకటరత్నం గ్రావెల్ క్వారీ తగాదాలో ఒక మనిషిని నరికించిన కేసులో యావజ్జీవం పడి, సన్నిబాబు ఉన్న జైల్లోనే ఉన్నాడు. ఉన్నాడంటే ఉన్నాడు. నెలకోసారి తల్లికి బాగోలేదని, చెల్లెలి గృహప్రవేశమని పెరోలు మీద ఊళ్లోనే కనబడేవాడు. మిగతా రోజులు గుండెనొప్పని ఆసుపత్రిలో ఏసీ గది. ఆ ఏడాది జనవరి ఇరవై ఆరున క్షమాభిక్ష జాబితాలో వెంకటరత్నం పేరు వచ్చింది. మంచి నడవడి అట. ఉండాల్సిన ఏళ్లు ఇంకా ఉన్నా ప్రత్యేకంగా సడలించారట.

మా మండల కేంద్రంలో మరిడమ్మ గుడి దగ్గర అతనికి బెల్లం తులాభారం పెట్టారు. మొక్కు మంత్రిగారి భార్యది. గుడిలో త్రాసు లేదు. మనిషిని పెద్ద కాటాతో తూచి, అంత బెల్లం అమ్మవారికి ఇస్తే సరిపోతుందన్నారు పూజారిగారు. మనిషిని మోసే కాటా ఎవరి దగ్గరుందని వెతికితే నేనే దొరికాను.

కబురు రాగానే తాతారావు ముఖం వెలిగింది. చాలా కాలానికి.

"ఎర్కమ్మా, మంత్రిగోరు వొస్తారు. దగ్గరుంటారు. కాయితం రాయించుకెల్తాను. బామ్మర్ది బాద ఆయనకి తెలీదేటి? ఆయనా బావే గదా."

నన్ను మళ్లీ కిరసనాయిలుతో తుడిచాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అర్జీ జేబులో పెట్టుకున్నాడు. గుడి ముందు ఇనుప గెడల మీద నన్ను కట్టి, కొక్కేనికి ఉయ్యాల బల్ల తగిలించి, దాని బరువు పోయేలా ముల్లుని సున్నాకి తెచ్చాడు. మేళం, టపాకాయలు. ఎంపీపీ కన్నబాబు అంతా తానై తిరుగుతున్నాడు. మంత్రిగారు కుర్చీలో కూర్చున్నారు. తాతారావు వెళ్లి కాళ్లకి దణ్ణం పెట్టి అర్జీ తీశాడు.

"ముందు పని కానీవయ్యా. తర్వాత తీరిగ్గా విందాం," అన్నారు మంత్రిగారు చాలా ప్రేమగా.

వెంకటరత్నం బల్ల మీద కూర్చున్నాడు. మెడలో గజమాలలు. నా గొలుసులు కీచుమన్నాయి. తాతారావు ముల్లు చూసి గొంతెత్తాడు.

"నూట నాలుగు!"

జనం చప్పట్లు కొట్టారు. కన్నబాబు మాత్రం పరిగెత్తుకొచ్చి తాతారావు చొక్కా పట్టుకున్నాడు. జైలుకెళ్లకముందు ఈయన బరువెంతో కనుక్కుని దానికి సరిపడా తొంభై ఆరు కేజీల బెల్లమే తెప్పించారు. జైల్లో మనిషి ఒళ్లు చేస్తాడని ఎవరూ అనుకోలేదు. మొక్కులో బెల్లం చాలకపోతే అశుభం. మంత్రిగారి భార్య ముఖం చిన్నబోయింది.

"ఒరే తాతారావూ, దండల బరువు తీసెయ్యరా. నీకు తెలీందేటి, తరుగు తియ్యి!"

పలికిన తూకం. తాతారావు ఒక్క క్షణం ఆగాడు. జేబులో అర్జీ ఉంది. మంత్రిగారు చూస్తున్నారు. నేను వేలాడుతూ అతని ముఖమే చూస్తున్నాను. అతను చెయ్యి ముందుకి చాపి, సంచిలో పెట్టినట్టే గజమాలల్లోకి పెట్టాడు.

"తడి పూలండి బాబూ. నాలుగు కేజీలుంటాయి," అన్నాడు. "సెప్పులూ, సెల్లుఫోన్లూ, సేతికి కడియం. రెండు." ఇంకా రెండు మిగిలాయి. మంత్రిగారి వైపు చూసి చేతులు నలుపుకుంటూ నవ్వాడు. "జైలు తిండికి ఒళ్లు నీరు పట్టేసుంటాదండి. ఆ నీరు రెండు కేజీలు తీసెయ్యొచ్చండి. నీళ్లకి తరుగు దర్మమేనండి."

అందరూ పకపకా నవ్వారు. మంత్రిగారూ నవ్వారు. తాతారావు రెండోసారి గొంతెత్తాడు.

"తొంభై ఆరు!"

నా ముల్లు నూట నాలుగు మీదే ఉంది. ఎవరూ దానివైపు చూడలేదు.

హారతి అయ్యాక మంత్రిగారు అర్జీ తీసుకున్నారు. మొదటి రెండు వరుసలు చదివి మడిచేశారు.

"గంజాయి కేసా? అదెలాగయ్యా? గంజాయి అంటే సమాజాన్ని పాడుచేసేది. పిల్లల భవిష్యత్తు. మా ప్రభుత్వం దాని మీద యుద్ధం ప్రకటించింది."

"ఆడు సంచి మోసినాడండి బాబూ, అంతే. ఎవుల్నీ కొట్టలేదు, తిట్టలేదు. మీ బామ్మర్దిగోరైతే..."

కన్నబాబు కళ్లురిమాడు. మంత్రిగారు మాత్రం కోప్పడలేదు. తాతారావు భుజం మీద చెయ్యి వేశారు.

"వెంకటరత్నం నా బామ్మర్దని వదల్లేదయ్యా. ఆవేశంలో జరిగింది, పశ్చాత్తాపపడ్డాడు, రూలు ఒప్పుకుంది. నీవాడి విషయంలో రూలు ఒప్పుకోదు. నా చేతిలో ఉంటే చెయ్యనా?"

"మీకూ బామ్మర్దే, నాకూ బామ్మర్దే గదా బాబూ," అన్నాడు తాతారావు. "ఆడికీ నీల్ల బరువే బాబూ. మూడు కేజీలు నీల్లే. మీ ముందే గదా తరుగు తీసినాను. ఆడికీ అంతే తియ్యమంటున్నాను. ఎక్కువేటీ అడగలేదు."

మంత్రిగారికి ఆ మాట అర్థం కాలేదు. ఎవరో కారు తలుపు తీసి పట్టుకున్నారు. అర్జీ పీఏ చేతిలోకి, పీఏ చేతిలోంచి కారు సీటు మీదికి వెళ్లింది. ఆ సీటు మీదే వెంకటరత్నం కూర్చున్నాడు.

సాయంత్రం ఎరకమ్మ వీధి చివరే ఎదురొచ్చింది.

"ఏటన్నాడు?"

తాతారావు అరుగు దాకా నడిచి, నన్ను భుజం మీంచి దించి నేల మీద పెట్టాడు. అరుగు మీది దూలానికి తగిలించలేదు.

"పలికిన తూకం మార్చేసినానే," అన్నాడు. "ఆల్ల బామ్మర్దికి ఎనిమిది కేజీలు తరుగు తీసినాను. నీ తమ్ముడికి నాలుగొందలు తియ్యలేకపోనాను."

ఎరకమ్మ అతని పక్కన కూర్చుని, ఇస్త్రీ చొక్కాకి అంటుకున్న బంతిపూల రేకులు ఒక్కొక్కటే తీసేసింది.

మర్నాడే పాత ఇనుము కొనేవాడు సైకిలు మీద వచ్చాడు. తాతారావు నన్ను ఇచ్చేశాడు. "మంచి కాటా గదా నాయుడూ, ఎందుకమ్మేస్తన్నావు?" అని వాడడిగితే, "ఇంక నానేటీ తూయను," అన్నాడు.

వాడు తన చిన్న కాటాకి నన్ను తగిలించాడు. అవును, నన్నే తూచారు. బతుకంతా తూచినదాన్ని, తూగడం ఎలా ఉంటుందో ఆఖరికి తెలిసింది. కాళ్ల కింద నేల ఉండదు. ఎవడో ముల్లు చూస్తాడు, ఎవడో అంకె పలుకుతాడు, మనం వేలాడుతూ ఉంటాం. పద్నాలుగు కేజీలు పలికాడు వాడు.

"అద్దం ఇనుము కాదు గదా, కేజీ తరుగు," అన్నాడు.

"తీసుకో," అన్నాడు తాతారావు.

ఇప్పుడు నేను నర్సీపట్నం రోడ్డులో ఒక ఇనుప సామాన్ల గోదాము వెనక ఉన్నాను. అద్దం తీసేశారు. పైన ఒక ఆటో చక్రం పడి ఉంది. ఎవరి ఆటోదో తెలియదు. వానొస్తే ముల్లు మీద నీళ్లు పడతాయి, ముల్లు కొంచెం కదులుతుంది. సన్నిబాబుకి ఇంకా నాలుగేళ్లు ఉన్నాయి. వెంకటరత్నానికి మళ్లీ క్వారీ వచ్చిందని ఇక్కడికొచ్చే లారీవాళ్లు చెప్పుకుంటున్నారు.

నా ఫిర్యాదు ఇంతే. తాతారావు తరఫున కూడా నేనే చెప్తున్నాను, అతను ఇప్పుడు ఎవరితోనూ మాట్లాడటం లేదు. మొక్కు బెల్లంలో తగ్గిన ఎనిమిది కేజీలు అమ్మవారు అడగలేదు. నాలుగు వందల గ్రాములకి అతను పోగొట్టుకున్నది మాత్రం గంగుపూడి కొండ కింద, కాపుకొచ్చిన జీడితోట, ఎకరం ఇరవై ఆరు సెంట్లు.